గోపాల్‌పూర్ తీరం: ఊరి పెద్ద చేతిలో ఏముంది?

సముద్రం ఒడ్డున ఉన్న ఏ చిన్న పట్టణానికి వెళ్ళినా ఒక మనిషి తప్పకుండా ఎదురవుతారు. ఊరికి పర్యాటకులు రావాలి, నాలుగు వ్యాపారాలు నిలబడాలి, కుర్రాళ్ళు సూరత్ మగ్గాల దగ్గరికో చెన్నై రేవుకో వలసపోకుండా ఇక్కడే బతకాలి అంటూ అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. ఆయన దుకాణదారుల సంఘం కార్యదర్శి కావచ్చు, హోటలు యజమాని కావచ్చు, మత్స్యకారుల వీధి నుంచి కౌన్సిలర్‌గా గెలిచిన మహిళ కావచ్చు. ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న గోపాల్‌పూర్‌లో ఇలాంటి పెద్దలకు కొదవ లేదు. కొదవంతా ఫలితం దగ్గరే.

ఆ పెద్దల గురించి ఊళ్ళో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. వాళ్ళకు చిత్తశుద్ధి లేదని కొందరంటారు. గట్టిగా పూనుకుంటే ఏడాదిలో ఊరు మారిపోతుందని ఇంకొందరంటారు. రెండూ సరికావని నా అభిప్రాయం. తీరం మీద ఏ పని ఎవరి చేతిలో ఉందో తెలియక కోపమూ ఆశా రెండూ దారి తప్పుతున్నాయి. పెద్ద ప్రాజెక్టు తేవడం ఊరి పెద్ద చేతిలో దాదాపు లేదు. ఉన్న ఒడ్డునూ ఉన్న గిరాకీనీ ఊరివాళ్ళకు, అందులోనూ ఇంట్లో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలకు దక్కేలా సర్దడం మాత్రం చాలావరకు ఆయన చేతిలోనే ఉంది. ఆయన్ని ఆ రెండో పనితోనే కొలవాలి. ఎందుకో చెప్పాలంటే చిక్కుముడిని ఒక్కో పోగుగా విప్పాలి.

ఓడలు పోయిన ఊరు

గోపాల్‌పూర్‌కు వ్యాపారం కొత్త కాదు. బ్రిటిషు కాలంలో ఇది రేవు పట్టణం. రంగూన్‌కు మనుషుల్నీ సరుకునూ ఇక్కడి నుంచి ఓడల్లో పంపేవారు. గంజాం, శ్రీకాకుళం పల్లెల నుంచి బర్మా వెళ్ళినవాళ్ళలో ఎందరో ఈ ఒడ్డునే ఓడ ఎక్కారు. పాత గిడ్డంగుల శిథిలాలు, నీళ్ళలో నిలిచిపోయిన జెట్టీ స్తంభాలు ఆ రోజుల గుర్తులే. 1914లో ఒక ఇటలీ దేశస్థుడు ఇక్కడ పామ్ బీచ్ హోటలు కట్టాడు. తర్వాత అది ఒబెరాయ్‌ల చేతికీ, అక్కడి నుంచి మేఫెయిర్ హోటళ్ళ సంస్థ చేతికీ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంతో బర్మా దారి మూసుకుపోయింది, రేవు పడుకుంది. ఒకే వ్యాపారాన్ని నమ్ముకున్న ఊరు ఆ వ్యాపారం పోతే ఏమవుతుందో గోపాల్‌పూర్ ఒకసారి చూసింది. ఇప్పుడు పర్యాటకాన్నే నమ్ముకుందామనేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం ప్రాంతంలో పెద్ద భాగం అటు చేరింది. మనుషులు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి పుట్టింది బరంపురంలోనే. తీరం వెంట ఉన్న వాడబలిజ, జాలారి కుటుంబాల్ని ఒడియావాళ్ళు నోలియాలంటారు. వాళ్ళ ఇళ్ళలో మాట, పాట, తగవు, సంబంధం అన్నీ తెలుగులోనే. ఇచ్ఛాపురం, బారువ, కవిటి వైపు చుట్టరికాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. గోపాల్‌పూర్ ఒడ్డున ఏ నిర్ణయం జరిగినా ముందుగా దెబ్బ తగిలేదీ, ముందుగా లాభపడవలసిందీ వీళ్ళే.

ఇసుక మీద గీతలు

బరంపురం నుంచి ఆదివారం సాయంత్రం వచ్చిన కుటుంబానికి ఒడ్డంతా ఒకటే ఇసుక. చట్టం కళ్ళకు మాత్రం అది ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎంతదాకా ఎక్కుతాయో అక్కడ ఒక గీత, పాటు తీసినప్పుడు ఎంతదాకా తగ్గుతాయో అక్కడ ఇంకొకటి. ఈ రెండింటి మధ్య తడి ఇసుక మీద కట్టడాలకు దాదాపు వీలు లేదు. పాటు గీత నుంచి సముద్రంలోకి 12 నాటికల్ మైళ్ళ వరకూ నీళ్ళకు మరో వర్గం. పోటు గీతకు ఇవతల పట్టణమైతే ఒక నియమం, పల్లె అయితే మరో నియమం. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లకు అన్నిటికంటే కఠినమైన నియమం. దీన్నంతటినీ కలిపి తీరప్రాంత నియంత్రణ మండలం నిబంధనలంటారు. అందరి నోటా నలిగే పేరు సీఆర్‌జెడ్. మొదట 1991లో వచ్చాయి, 2011లో మారాయి, 2018 నాటి కొత్త రూపం 2019 జనవరిలో వెలువడింది.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. పట్టణ పరిధిలో ఇప్పటికే ఉన్న రోడ్డుకు భూమి వైపు ఇల్లు కట్టుకోవచ్చు. సముద్రం వైపు కొత్త భవనం కుదరదు. జనసాంద్రత తక్కువున్న పల్లె తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల వరకూ కట్టడాలకు నిషేధం. జనసాంద్రత ఎక్కువైతే, ఆ ప్రాంతానికి తీర ప్రణాళిక ఆమోదం పొందాక, అది 50 మీటర్లకు తగ్గుతుంది. ఒడ్డున తాత్కాలికంగా వేసే పాకలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, తాగునీటి కుళాయిలు, కూర్చునే బల్లలకు మాత్రం 2018 నిబంధనలు అవకాశమిచ్చాయి. పోటు గీతకు కనీసం 10 మీటర్ల దూరం ఉండాలన్నది షరతు.

ఆ నిబంధనల్లోనే ఎక్కువమంది గమనించని ఒక వెసులుబాటు ఉంది. పల్లె తీరాల్లో మత్స్యకారులతో సహా స్థానికులు తమ ఇంటి పునాది విస్తీర్ణమూ ముఖరూపమూ మార్చకుండా పర్యాటకులకు హోమ్‌స్టేగా బస ఇవ్వవచ్చు. గోపాల్‌పూర్ చుట్టూ ఉన్న మత్స్యకార పల్లెల్లో ఈ సంగతి ఎవరైనా పూసగుచ్చినట్టు వివరించారా? వివరించకపోతే, ఐదు అంతస్తుల హోటలు రావాలని ఇచ్చే అర్జీకన్నా ఇది ముందు జరగాల్సిన పని.

ఇక అధికారుల సంగతి. కట్టడానికి అనుమతి రాష్ట్ర తీరప్రాంత యాజమాన్య సంస్థ దగ్గర, వీధి దీపమూ చెత్తా పురపాలక వ్యవస్థ దగ్గర, ఉత్సవమూ భద్రతా కలెక్టరు, పోలీసుల దగ్గర, అతిథి గృహాలూ ప్రచారమూ పర్యాటక శాఖ దగ్గర, తాబేళ్ళు అటవీ శాఖ దగ్గర, పడవల రిజిస్ట్రేషన్ మత్స్యశాఖ దగ్గర. ఊరి పక్కనే సైన్యం వాయు రక్షణ కళాశాల ఉంది కనుక కాల్పుల అభ్యాసం జరిగే రోజుల్లో సముద్రం మీద పడవలకు హద్దులు వాళ్ళు పెడతారు. ఇంతమందిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగేది జిల్లా కలెక్టరు ఒక్కరే. అందుకే అనుభవమున్న పెద్ద భువనేశ్వర్ వెళ్ళి మంత్రితో ఫొటో దిగడం కన్నా, ఛత్రపురంలోని కలెక్టరేట్‌లో సమీక్షా సమావేశం అజెండాలోకి తన అంశం ఎక్కించడానికి ఎక్కువ పాటుపడతారు.

ఏడు వేల మందికి లెక్క, పండుగ జనానికి చెత్త

గోపాల్‌పూర్ మున్సిపాలిటీ కాదు, నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్. అందరూ ఎన్ఏసీ అంటారు. 1950 నాటి ఒడిశా మున్సిపల్ చట్టం కింద నడుస్తుంది. 2022 ఎన్నికల నుంచి ఒడిశా పట్టణాల్లో ఛైర్‌పర్సన్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకుంటున్నారు. దాంతో ఆ పదవికి బరువు పెరిగింది. అయినా ఫైలు కదలాలంటే ప్రభుత్వం నియమించిన ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు సంతకం కావాలి.

అసలు ముడి నిధుల దగ్గర ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఊళ్ళో ఉన్నది ఏడు వేల పైచిలుకు మనుషులు. గ్రాంట్లు పంచేటప్పుడు జనాభాకే పెద్ద పీట వేస్తారు. చెత్త బళ్ళు, పారిశుధ్య కార్మికులు, నీళ్ళు అన్నీ ఆ ఏడు వేల లెక్కకే వస్తాయి. కొత్త సంవత్సరం రోజునో దసరా సెలవుల్లోనో వచ్చే జనం ఆ లెక్కలో ఉండరు. వాళ్ళు వదిలివెళ్ళిన సీసాలూ పేపర్ ప్లేట్లూ మాత్రం మర్నాడు పొద్దున ఎన్ఏసీ కార్మికులే ఎత్తాలి. పర్యాటకం పెరిగేకొద్దీ ఊరి ఖర్చు పెరుగుతుంది. ఆదాయం హోటళ్ళకూ, పన్నుగా పై ప్రభుత్వాలకూ చేరుతుంది. పార్కింగు రుసుము, మార్కెట్ వసూళ్ళు, ఇంటి పన్ను తప్ప ఎన్ఏసీ చేతికి వచ్చేది తక్కువ. పర్యాటకులు వచ్చే చిన్న పట్టణాలకు సందర్శకుల సంఖ్యను బట్టి అదనపు గ్రాంటు ఇవ్వాలని ఊరి పెద్దలు అడిగితే అది న్యాయమైన కోరిక. పూరీ నుంచి గోపాల్‌పూర్ దాకా తీరపట్టణాల కౌన్సిలర్లు కలిసి అడిగితే మరింత బలం.

కట్టడం కన్నా నిర్వహణే కష్టమని మన విశాఖ ఋషికొండ చూపించింది. 2020లో పూరీ గోల్డెన్ బీచ్‌తో పాటు దానికి కూడా శుభ్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025 ఆరంభంలో శుభ్రత, నిర్వహణల మీద ఫిర్యాదులు రావడంతో ఆ గుర్తింపును తాత్కాలికంగా నిలిపివేశారు. లోపాలు సరిదిద్దుకున్నాక తిరిగి వచ్చింది. విశాఖ వంటి మహానగరానికే ఇంత శ్రమైతే ఏడు వేల జనాభా ఉన్న ఊరు ఏ జెండా కోసం పరుగెత్తాలో, ఎప్పుడు పరుగెత్తాలో ఆలోచించుకోవాలి.

బండి పెట్టుకున్న మనిషికి చట్టం ఇచ్చినది

సాయంత్రం ఐదింటికి బీచ్ రోడ్డు మీద ఒక బండి దగ్గర నిలబడి చూడండి. కొబ్బరి మట్టల నీడలో పొయ్యి, నల్లబడ్డ పెనం, కారం పట్టించి వరసగా పేర్చిన చందువాలు, రొయ్యలు. బండి నడిపేది ఒక మహిళ. భర్త తెల్లవారుజామున తెచ్చిన చేపలో అమ్మకానికి పోగా మిగిలినది ఇక్కడికి వస్తుంది. కోల్‌కతా నుంచి వచ్చినవాళ్ళతో బెంగాలీ ముక్కలు, బరంపురం వాళ్ళతో ఒడియా, పక్క బండి ఆవిడతో తెలుగు. చేయి పెనం మీద ఉన్నా కన్ను రోడ్డు చివర ఉంటుంది. ఎవరైనా పెద్ద మనిషి పర్యటనకు వస్తున్నారంటే ముందు లేచేది ఆ బండే.

ఆమెకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కొన్ని హక్కులు ఇచ్చింది. పట్టణంలో సర్వే చేసి వీధి వ్యాపారులందరికీ ధ్రువపత్రాలు ఇవ్వాలి. పట్టణ వెండింగ్ కమిటీ ఏర్పాటు చేయాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న వ్యాపారులై ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఎక్కడ అమ్మవచ్చు, ఎక్కడ కూడదు అన్నది ఆ కమిటీతో సంప్రదించి నిర్ణయించాలి. ధ్రువపత్రం ఉంటే వీధి వ్యాపారుల కోసం 2020లో మొదలైన పీఎం స్వనిధి అప్పు కూడా తేలిగ్గా వస్తుంది. 2025లో ఆ పథకాన్ని పొడిగించినప్పుడు మొదటి విడత అప్పును పది వేల నుంచి పదిహేను వేలకు పెంచారు.

ఊరి పెద్ద నిజంగా పనికొచ్చే చోటు ఇదే. కమిటీలో మత్స్యకార మహిళలు ఉన్నారా, సమావేశాలు జరుగుతున్నాయా, జాబితాలో అసలు బండివాళ్ళ పేర్లే ఉన్నాయా లేక నాలుగు బళ్ళు అద్దెకు తిప్పే ఒకరి బంధువుల పేర్లా అన్నది చూడటానికి మంత్రి సిఫారసు అక్కర్లేదు. వీధి తెలిసిన మనిషి చాలు. చాలా ఊళ్ళలో పెద్దలు ఈ పనిని చిన్నదని వదిలేస్తారు. దుకాణదారుల సంఘానికీ బళ్ళవాళ్ళకూ పోటీ ఉంటుంది కనుక సంఘం నాయకుడు తనవాళ్ళను నొప్పించలేక తప్పుకుంటాడు. పర్యాటక అభివృద్ధి అంటూ మైకు పట్టుకున్నవాళ్ళలో ఎవరి పక్షం వహిస్తున్నారో తేలేది కూడా ఇక్కడే.

వల, ఎండుచేప, బిల్లు

పొడి ఇసుక పర్యాటకులకు కూర్చునే చోటు. మత్స్యకారులకు అదే వలలు బాగుచేసుకునే చోటు, పడవ లాగి పెట్టుకునే చోటు, ఆడవాళ్ళు కవళ్ళు ఎండబెట్టుకునే చోటు. ఎండుచేప వాసన వస్తోందని హోటలు గిరాకీ ముక్కు మూసుకుంటే వెంటనే వాళ్ళను అవతలికి పంపమనే మాట పుడుతుంది. ఆ ఎండుచేపే వానాకాలంలో ఆ ఇంటికి తిండి. దానికి దారి లేకపోలేదు. నేల మీద కాకుండా ఎత్తైన బల్లల మీద వల పరిచి ఎండబెడితే చేపకు ఇసుక అంటదు, వాసన తగ్గుతుంది, మంచి ధర పలుకుతుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద వ్యక్తిగత యూనిట్లకు మహిళలకైతే ఖర్చులో 60 శాతం వరకూ సబ్సిడీ ఉంది. ఊరి పెద్ద పూనుకుంటే ఇది ఒక సీజనులో అయ్యే పని.

ఇంకో ముఖ్యమైన ముడి హోటలు వంటింట్లో ఉంది. ఒడ్డున పడవ దిగిన చేప యాభై అడుగుల దూరంలో ఉన్న హోటలుకు వెళ్ళకుండా బరంపురం మార్కెట్టుకు వెళ్ళి తిరిగి రావచ్చు. కారణం సులువే. పెద్ద హోటలుకు రోజూ ఒకే సైజు చేప, చెప్పిన వేళకు, ఐసులో, బిల్లుతో కావాలి. ఒంటరి పడవవాడు వీటిలో ఒక్కటీ ఇవ్వలేడు. పది పడవలు కలిసి సహకార సంఘంగా ఏర్పడి, ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ తీసుకుని, ఐసు పెట్టెలు పెట్టుకుంటే ఇవ్వగలవు. పర్యాటకుడు ఖర్చు పెట్టే రూపాయి ఊళ్ళో ఎన్ని చేతులు మారుతుందన్నది ఇలాంటి ఏర్పాట్ల మీద ఆధారపడుతుంది. అవి లేనప్పుడు వెయ్యి మంది అదనంగా వచ్చినా వీధిలో మార్పు కనిపించదు.

తీరంలో దొరికేవి చేపలొక్కటే కావు. గంజాం మొగలిపువ్వుకూ దాని అత్తరుకూ భౌగోళిక గుర్తింపు ఉంది. దేశంలో మొగలి అత్తరుకు ప్రధాన కేంద్రం ఈ జిల్లాయే. బరంపురం పట్టుకూ ఆ గుర్తింపు ఉంది. బీచ్ రోడ్డు దుకాణాల్లో ఎక్కడినుంచో వచ్చిన ప్లాస్టిక్ గవ్వల బొమ్మల పక్కన ఇవి ఎందుకు కనిపించవు? వ్యాపార సంఘాలు తమను తాము అడగాల్సిన ప్రశ్న ఇది.

వేట నిషేధాల సంగతి కూడా పర్యాటక ప్రణాళికలో ఉండాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు యాంత్రిక వేట ఆగుతుంది. యంత్రం లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు ఉంటుంది. ఋషికుల్య నది ముఖద్వారం పరిసర సముద్రంలో తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకూ తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా నిషేధం. ఎండాకాలం సెలవులకు జనం వచ్చే రోజుల్లోనే చాలా ఇళ్ళలో సంపాదన ఆగిపోతుంది. ఆ రెండు నెలలూ మత్స్యకార యువకులకు ఒడ్డున పని చూపించగలిగితే రెండు సమస్యలూ ఒకేసారి తేలికవుతాయి.

చూపించదగిన పని కళ్ళెదుటే ఉంది. గోపాల్‌పూర్ ఒడ్డు త్వరగా లోతవుతుంది, లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. కొత్తగా వచ్చినవాడు అలలు విరగని ప్రశాంతమైన చోటు చూసి అక్కడే దిగుతాడు. నోలియా మాత్రం అక్కడ దిగనివ్వడు. అలలు రెండు పక్కలా విరుగుతూ మధ్యలో నీళ్ళు నునుపుగా, కాస్త మట్టి రంగులో, నురగ సముద్రం వైపు జారుతూ కనిపిస్తే ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి వెళ్ళే దారి అదే. అందులో పడ్డవాడు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోతాడు. పక్కకు, ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ దారి నుంచి తప్పుకోవాలి. ఈ చదువు నోలియా కుర్రాడికి చిన్నప్పుడే అబ్బుతుంది. దానికి ప్రాణరక్షణ శిక్షణ, ధ్రువపత్రం, నెల జీతం, బీమా తోడైతే అది ఉద్యోగమవుతుంది. పండుగ రోజుల్లో మాత్రమే రోజుకూలీ మీద పిలిచి, మునిగినవాణ్ణి తీసుకురమ్మనడం అన్యాయం.

వెలుగూ చీకటీ

2025 జూన్‌లో గోపాల్‌పూర్ తీరంలో ఒక కాలేజీ విద్యార్థినిపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఘోరం తర్వాత తీరంలో దీపాలు, కెమెరాలు, పోలీసు గస్తీ కావాలని ఊరు కోరింది. కోరడం న్యాయం. ఆడపిల్ల చీకటి పడ్డాక ఒడ్డున నిర్భయంగా నడవలేని ఊరికి పర్యాటక కేంద్రమని పేరు పెట్టుకునే అర్హత లేదు.

మరోవైపు ఊరికి ఉత్తరాన ఋషికుల్య ముఖద్వారం దగ్గర ప్రపంచంలోనే పెద్ద ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ గూళ్ళలో ఒకటి ఉంది. శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించింది 1994లో. 2023లో అక్కడ ఆరు లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. దాదాపు నెలన్నర తర్వాత పిల్లలు బయటికి వచ్చి రాత్రి వేళ ఎటు వెలుగుంటే అటు పాకుతాయి. కరెంటు దీపాలు లేనినాడు వెలుగు సముద్రం వైపే ఉండేది. ఇప్పుడు రోడ్డు దీపాలు, రేవు దీపాలు వాటిని భూమి వైపు లాగుతాయి. పొద్దునకల్లా కుక్కల పాలో కాకుల పాలో అవుతాయి. అందుకే గుడ్లు పెట్టే కాలంలో దీపాలు ఆర్పమని అటవీ శాఖ అడుగుతుంది. వన్యప్రాణి రక్షణ చట్టంలో ఈ తాబేలుకు మొదటి షెడ్యూలు రక్షణ ఉంది.

ఒకరు వెలుగు అడుగుతున్నారు, ఒకరు చీకటి అడుగుతున్నారు, ఇద్దరిదీ న్యాయమే. ఊరి పెద్ద తెలివి ఇక్కడ తెలుస్తుంది. ఎత్తైన స్తంభం మీద తెల్లటి హైమాస్ట్ దీపం పెట్టిస్తే ప్రారంభోత్సవానికి బాగుంటుంది. దాని వెలుగు సముద్రం మీదా ఆకాశం మీదా పడుతుంది, స్తంభం కిందే కళ్ళు జిగేలుమని పక్కనున్న నీడ మరింత చిక్కబడుతుంది. నడకదారి పొడవునా తక్కువ ఎత్తులో, పైనా సముద్రం వైపూ మూత ఉన్న, పసుపు ఎరుపు కలిసిన రంగు దీపాలు దగ్గర దగ్గరగా పెడితే మనిషి మొహం స్పష్టంగా కనిపిస్తుంది, వెలుగు నీళ్ళ మీద పడదు. ఆ రంగు వెలుగుకు తాబేలు పిల్లలు అంతగా ఆకర్షితం కావు. వీటితో పాటు రాత్రి పది దాకా బళ్ళు నడిచే రోడ్డు, అక్కడ అమ్ముకునే మహిళలు, గస్తీ తిరిగే మహిళా కానిస్టేబుళ్ళు ఉండాలి. మనుషులున్న చోటే భద్రత ఎక్కువ. బళ్ళు ఖాళీ చేయించి కెమెరాలు బిగించడం తలకిందుల పని.

పండుగ నెలే తుపాను నెల

కోల్‌కతా నుంచి జనం ఎక్కువగా వచ్చేది దసరా సెలవులకు. హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గం మీద బరంపురం ఉండటం ఈ ఊరికి వరం. బంగాళాఖాతంలో పెద్ద తుపాన్లు పుట్టేదీ అదే నెలలో. 2013 అక్టోబరు 12న, సరిగ్గా దుర్గాష్టమి రోజు రాత్రి, ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు రెండు వందల కిలోమీటర్లు మించింది. దాదాపు పది లక్షల మందిని ముందే తరలించడం వల్ల ప్రాణనష్టం బాగా తగ్గింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఇటు గంజాంనూ అటు శ్రీకాకుళాన్నీ కుదిపింది.

ఏడాది సంపాదనలో పెద్ద భాగం వచ్చే పది రోజులూ తుపాను ముప్పున్న పది రోజులూ ఒకటే కావడం చిన్న వ్యాపారికి పెద్ద గండం. హోటలుకు బీమా ఉంటుంది, బండికి ఉండదు. డిసెంబరు, జనవరి నెలలకూ, ఋషికుల్య, చిలికా పక్షులకూ, తప్తపాణి వేడినీటి బుగ్గకూ కలిపి యాత్రలు అల్లితే గిరాకీ ఏడాదంతా పరుచుకుంటుంది. బళ్ళన్నిటికీ కలిపి సంఘం తరఫున బీమా చేయించడమూ ఆలోచించదగ్గదే.

ఉత్తరాన రేవు

పాత రేవు పోయినా ఊరికి ఉత్తరాన కొత్త రేవు వచ్చింది. 2024లో అది అదానీ పోర్ట్స్ చేతికి చేరింది. ఏటా రెండు కోట్ల టన్నుల సరుకు దించే సామర్థ్యం ఉంది. ఉద్యోగాల కోసం ఊరి కుర్రాళ్ళు అటు చూడటం సహజం. నాయకులు తీరం గురించి అడగాల్సిన ప్రశ్న మాత్రం వేరే ఉంది. మన తూర్పు తీరం వెంట అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తాయి. మధ్యలో రాతి గోడ అడ్డం కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోత పెడుతుంది. ఇది ఏ రేవుకైనా వర్తించే ప్రకృతి నియమం. విశాఖలో రేవు తవ్వి తీసిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయడం ఇందుకే. గంజాం తీరంలో పొదంపేట వంటి మత్స్యకార పల్లె సముద్రపు కోతకు ఇళ్ళు పోగొట్టుకుంది. ఏటా తీరరేఖ కొలతలు ప్రజలకు చూపించాలని, తవ్వి తీసిన ఇసుకను కోత ఉన్న వైపు చేర్చాలని అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు. ఒడ్డు మిగిలితేనే కదా పర్యాటకమైనా వేటైనా.

అర్జీ ఎలా ఉండాలి

ఇన్ని ముడుల్లో మత్స్యకార వీధి గొంతు ఎక్కువగా వినపడకపోవడానికి ఒక మామూలు కారణం ఉంది. సమావేశాలు ఒడియాలో జరుగుతాయి, కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. కులపెద్దలు, ముసలివాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు తెలుగులో ఆలోచిస్తారు. మధ్యలో రెండు భాషలూ వచ్చిన నాయకుడు ఏది చెబితే అదే వీధి మాటగా నమోదవుతుంది. ఆయన మంచివాడైతే సరే, కాకపోతే వీధికి తెలిసే దారి లేదు.

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం తన ఇబ్బంది తీర్చమని ఏ అధికారికైనా, కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. కనుక ఎన్ఏసీకి ఇచ్చే కాగితం తెలుగులోనే రాయవచ్చు. అందులో ముందుగా అడగాల్సినవి మూడు: వెండింగ్ కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టాలి, వేట నిషేధ కాలంలో నోలియా యువకులకు జీతం మీద ప్రాణరక్షకుల ఉద్యోగాలు ఇవ్వాలి, ఎండుచేపల బల్లలకు ఒడ్డున స్థలం గుర్తించాలి. ఒడియా నకలు ఒకటి జతచేస్తే ఫైలు త్వరగా కదులుతుంది. ఇచ్చిన రోజునే తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోవాలి. నెల తర్వాత ఆ రసీదు పట్టుకుని వెళ్ళేటప్పుడు వీధి నుంచి కనీసం నలుగురు మహిళలు ఊరి పెద్దతో పాటు ఆఫీసుకు రావాలి.